అక్కర్నేదు గావాల

మా ఊరి పొద్దుటి బస్సు మా అమ్మ నోటి తుత్తర వల్ల ఆగిపోయిందని ఊళ్ళో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అది అబద్ధం. బస్సు నా నవ్వు వల్ల ఆగిపోయింది. ఈ సంగతి ఇంతకుముందు ఒక ఆఫీసు గదిలో నిలబడి చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఇంకెవరైనా మా అమ్మను ఆడిపోసుకుంటే ముందు ఇది చదివి అప్పుడు మాట్లాడాలి.

మాది ఉద్దానం ఒడ్డున ఒక పల్లె. జీడితోటలు, కొబ్బరితోటలు దాటి ఇసుక మొదలైన చోట మా ఇళ్ళు మొదలవుతాయి. నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. నాన్న పోయాక కూడా అమ్మ గంప దించలేదు. ఒడ్డుకొచ్చిన పడవల దగ్గర బేరమాడి చేపలు కొనుక్కుని, కాశీబుగ్గ మార్కెట్లో కూర్చుని అమ్ముతుంది. నేను టెక్కలిలో హైస్కూల్లో తెలుగు టీచర్ని. సెలవులకు ఊరికొస్తాను, సోమవారం పొద్దున్నే తిరిగి వెళ్తాను. తెలుగు టీచర్నని చెప్పుకోవడంలో అప్పట్లో నాకు కాస్త పొగరుండేది. ఏ మాట శుద్ధమో ఏది కాదో నేనే తేల్చాలన్నట్టు ఉండేదాన్ని. ఒకసారి 'అవసరం'కి పర్యాయపదాలు రాయమంటే ఒక పిల్ల 'అక్కర' అని రాసింది. పల్లెటూరి మాటలు పరీక్షలో రాయకూడదని ఎర్ర ఇంకుతో కొట్టేశాను. అది ఎంత పాత మాటో, ఎంత మంచి మాటో తెలిసి కూడా కొట్టేశాను. ఎందుకంటే ఆ మాట మా ఇంట్లో రోజూ వినేదాన్ని.

మా వైపు 'గావాల' అని ఒక మాట ఉంది. పుస్తకాల్లో 'కాబోలు' అంటారే, అది. 'వానొత్తాది గావాల' అంటే వాన వస్తుంది కాబోలు అని. అనుమానానికి వాడతాం, ఊహకు వాడతాం, అన్నిటికన్నా ఎక్కువగా ఎత్తిపొడవడానికి వాడతాం. చుట్టం టీ వద్దంటే 'మా టీ నీకు గొంతు దిగదు గావాల' అంటాం. ఇక 'కావాల' అంటే వేరు. అది అందరూ అనే 'కావాలి'. రెంటికీ తేడా మొదటి అక్షరమే. మాలో అప్పుడే మాటలొచ్చిన పిల్లకైనా ఈ తేడా తెలుసు. బయటినుంచి వచ్చినవాళ్ళే బోల్తా పడతారు.

ఇక ఆ బస్సు. పొద్దున్న ఆరున్నరకు మా ఊరి చివర తుఫాను షెల్టరు దగ్గర తిరుక్కుని పలాస, కాశీబుగ్గ వైపు వెళ్ళేది. ఇంటర్ చదివే పిల్లలు, డయాలసిస్‌కి వెళ్ళే వాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు ఎక్కేవారు. చేపలమ్మే ఆడవాళ్ళకు ఆ బస్సులో ఒక పద్ధతుంది. వాళ్ళు సీట్లలో కూర్చోరు. వెనక తలుపు పక్కన గంపలు దింపి, గంపకు ఆనుకుని కింద కూర్చుంటారు. మలుపుల్లో గంప జారుతుంది, జారకుండా చేత్తో పట్టుకోవాలి. ఐసు నీళ్ళు కారి ఎవరి చెప్పులైనా తడిస్తే గొడవ, అందుకని చుట్టూ గోనెసంచి చుట్టాలి. ఈ పనులన్నీ సీట్లో కూర్చుని అయ్యేవి కావు. కాబట్టి బస్సు నిండా మనుషులున్నా సీట్లు సగం ఖాళీగా కనపడేవి. నేను మాత్రం ఎప్పుడూ ముందు సీట్లో, డ్రైవరు వెనక కూర్చునేదాన్ని. గంజిపెట్టిన చీరకు చేపల వాసన పట్టకూడదని నా బాధ. అమ్మ ఎప్పుడూ రమ్మని పిలవలేదు.

ఒక ఆదివారం బస్సుల ఆఫీసు నుంచి ఒకాయన సర్వేకి వచ్చాడు. నలభై దాటిన మనిషి. గోదావరి అవతల జిల్లా అని ఆయన మాటే చెబుతోంది. చెడ్డవాడు కాదు, ఎండన పడి వచ్చాడు, మంచినీళ్ళిస్తే దణ్ణం పెట్టి తాగాడు. షెల్టరు అరుగు మీద కుర్చీ వేస్తే కూర్చుని ఒక ఫారం తీశాడు. అందులో 'ఈ సర్వీసు ప్రజలకు' అని రాసి, ఎదురుగా రెండు గళ్ళు: 'ఆవశ్యకం', 'ఆవశ్యకం కాదు'. ఊరి జనం మూగారు. నేనూ వెళ్ళి నిలబడ్డాను. ఇస్త్రీ బట్టలేసుకున్న మనిషి ఊళ్ళోకి వస్తే పక్కన నిలబడాలని నాకు ఉబలాటం.

"ఉదయం బస్సులో సీట్లు సగానికి పైగా ఖాళీగా ఉంటున్నాయని రిపోర్టు వచ్చిందమ్మా. ఖాళీ బస్సు తిప్పడం అవసరమా?" అన్నాడాయన.

అమ్మకు చిర్రెత్తుకొచ్చింది. గుంపు తోసుకుని ముందుకొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అయితే మాకు బస్సు అక్కర్నేదు గావాల! గంపలు నెత్తినెట్టుకుని కాశీబుగ్గకి ఎగురుకుంటా ఎల్తాం గావాల!"

ఆయన కలం ఆగిపోయింది. "ఒక్క నిమిషం అమ్మా. అక్కర్లేదంటున్నారా, కావాలంటున్నారా? రెండూ అంటే నేనేం రాసుకోను? పైగా ఎగిరి వెళ్ళడం కూడా కావాలా?"

ఊళ్ళో కొందరు కిసుక్కుమన్నారు. వాళ్ళు నవ్వింది ఆయన తికమక చూసి. అమ్మ మాత్రం నవ్వలేదు. ఎవరో నన్ను చూపించి "ఆవిడ కూతురే సార్, తెలుగు టీచర్" అన్నారు. ఆయన ప్రాణం లేచొచ్చినట్టు నా వైపు తిరిగాడు.

"మేడం, మీరు చెప్పండి. అమ్మగారు ఏమంటున్నారు?"

నేను నవ్వాను. ఆయనతో కలిసి, అమ్మను చూసి నవ్వాను. "ఆవిడ మాటలు అలాగే ఉంటాయి లెండి సార్, పట్టించుకోకండి" అన్నాను.

ఆయన పట్టించుకోలేదు. ఫారం మీద ఏదో టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది: ఆవిడ ఎత్తిపొడుస్తోంది సార్, బస్సు లేకపోతే ఎలా బతకమంటారని అడుగుతోంది. అంతే. పిల్లలకు వ్యంగ్యమంటే ఏమిటో ఉదాహరణలతో చెప్పే మనిషిని, కన్నతల్లి వ్యంగ్యాన్ని పరాయివాడికి విప్పి చెప్పలేకపోయాను. చెప్పలేక కాదు. ఆ నిమిషాన నాకు ఆయన పక్షాన నిలబడాలనిపించింది. సిగ్గు విడిచి రాస్తున్నాను.

నెల తిరక్కముందే బస్సు ఆగిపోయింది. ఎందుకని అడిగితే, స్థానికులే అక్కర్లేదన్నారని జవాబు వచ్చింది. ఇక చూడండి, ఊరంతా అమ్మ మీద పడింది. వరసకు నాకు బావయ్యే ఒకతను ఆటో నడుపుతాడు. బస్సు పోయాక అతని బండికే గిరాకీ. అతనే షెల్టరు దగ్గర నిలబడి "మా అత్త నోటికి దండమెట్టాల. నోరిప్పితే బస్సే పారిపోనాది" అని ఎకసెక్కాలాడేవాడు. అమ్మ వినేది, గంప సర్దుకునేది. నా కూతురు నవ్వింది, అందుకే ఇలా అయిందని ఆవిడ ఒక్కరితోనైనా అనలేదు. పిల్లలకు కాలేజీ అందడం లేదని ఒకరు, డయాలసిస్‌కి తెల్లారకముందే బయల్దేరాల్సి వస్తోందని ఒకరు గుమ్మం ముందుకొచ్చి అరిచినా అనలేదు.

అమ్మకు పోయింది బస్సొక్కటే కాదు. కాశీబుగ్గ మార్కెట్లో ముందొచ్చిన వాళ్ళదే చోటు. గేటు పక్కన గట్టు మీద అమ్మకు ఒక చోటుండేది. నేను పుట్టకముందు నుంచీ ఆవిడ అక్కడే కూర్చుంటోంది. చందువ చేపలు ఎవరికి, కానాగంతలు ఎవరికి, నెత్తళ్ళు ఎవరికి అని మనిషిని దూరం నుంచి చూసే చెప్పేది. ఇప్పుడు ఆటోయే దిక్కు. అది నిండేదాకా కదలదు, కదిలినా తోవలో ఇంకో ఊళ్ళో ఆగుతుంది. అమ్మ చేరేసరికి ఆ చోట్లో ఇంకెవరో కూర్చుని ఉండేవారు. అమ్మ వెళ్ళి కాలవ పక్కన, ఈగల మధ్య కూర్చునేది. ఒక శనివారం నేను మార్కెట్‌కి వెళ్ళి గట్టు దగ్గర వెతికాను, లేదు. అరిస్తే కాలవ వైపు నుంచి చెయ్యెత్తింది. ఆ చెయ్యి చూశాక ఆ రాత్రే కాగితం, కలం ముందేసుకున్నాను.

నాకు తెలిసిన పని ఒకటే, రాయడం. అర్జీ రాశాను. 'సదరు సర్వీసు ఈ ప్రాంత ప్రజలకు అత్యావశ్యకమైనది' అని మొదలుపెట్టాను. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. రెండో అర్జీలో 'అనివార్యము' అన్నాను. దానికి జవాబే లేదు. మూడోది రాస్తూ పెరట్లో కూర్చుని ఉంటే, అమ్మ వలలు కుట్టే పురికొస చుట్టుకుంటూ వచ్చి పక్కన కూలబడింది.

"సదువు. ఏటి రాసినావో ఇంతాను."

చదివాను. మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"అనివార్యమంటే ఏటి?"

"ఆపడానికి వీల్లేనిది."

"మరి ఆపీసినారు కదే."

ఆ మాట కొట్టేశాను. "పోనీ తప్పనిసరి అని రాస్తాను."

"అదేటి?"

"ఇష్టమున్నా లేకపోయినా చెయ్యక తప్పనిది. ఆఫీసుల్లో గోడల మీద ఉంటుంది చూడు, ఆధార్ కార్డు తప్పనిసరి అని."

"అయితే అది ఆళ్ళు మనకి సెప్పీ మాట. మనం ఆళ్ళకి సెప్తే ఇంతారేటి?"

"అత్యవసరం?"

"ఆసుపత్రి గుమ్మం మీదుంతాది, అదేనా? నాకేటి పోయీకాలమొచ్చిందని? నాను సేపలమ్ముకోడానికెల్తాను, సావడానికి కాదు."

నాకు కోపమొచ్చింది. ఎమ్మే చదివినదాన్ని, సంతకం మాత్రం వచ్చిన మనిషి ముందు ఒక్కో మాట దగ్గరా ఓడిపోతున్నాను. కాగితం ఆవిడ ఒళ్ళో పడేసి, "అయితే నువ్వే చెప్పు. ఏమని రాయను?" అన్నాను.

"బస్సు నేకపోతే మాకు కుదర్దు. ఇంకేటుందే?"

"అది ఆఫీసు భాష కాదమ్మా."

"ఆపీసోడికి కూడు తినకపోతే కుదురుద్దేటి? ఇంటికాడ పెళ్ళాంతో ఆడూ ఇదే మాటంతాడు." పురికొస ముడి వేసి పళ్ళతో తెంపింది. ఆ తర్వాత నా మొహంలోకి చూసి, అరవకుండా, మామూలుగా అంది: "ఆ దినం నాను సెప్పింది నీకు అరదమైనాది. అయినా నవ్వినావు కదే."

ఆవిడ ఒళ్ళోంచి కాగితం తీసుకున్నాను. అవసరం, ఆవశ్యకం, ముఖ్యం, ప్రధానం అని బోర్డు మీద వరసగా రాసి పిల్లలచేత వల్లె వేయిస్తాను. అందులో ఏ ఒక్కటీ ఒక మనిషి గొంతు లోంచి వచ్చిన మాట కాదని అప్పుడు తెలిసింది. ఆకలేసినవాడు అన్నం ఆవశ్యకం అనడు. మా అమ్మ కుదర్దు అంటుంది. అది ఏ అధికారీ వెనక్కి పంపలేని మాట. ఎందుకంటే అందులో బతిమాలడం లేదు. దయతో ఇప్పించండి, కనికరించండి అని నా అర్జీల నిండా ఉన్నవేవీ ఆ మాటలో లేవు. మూడో అర్జీ చింపేశాను.

సోమవారం బడికి సెలవు పెట్టి అమ్మతో బస్సుల ఆఫీసుకు వెళ్ళాను. మాతో ఇంకో అరడజను మంది ఆడవాళ్ళు వచ్చారు. మార్కెట్‌కి పోవాల్సిన వాళ్ళు, గంపలతోనే వచ్చారు. గుమ్మం దగ్గర ప్యూను చెయ్యి అడ్డం పెట్టి గంపలు బయట పెట్టమన్నాడు.

"గంప నేకుండా నానెవుర్నో లోపలాయనకెలా తెలుత్తాది?" అంది అమ్మ. అంటూనే వంగి అతని చెయ్యి కింద నుంచి లోపలికి వెళ్ళిపోయింది. మేమూ వెళ్ళాం.

పెద్దాఫీసరు ఫ్యాను పెంచమన్నాడు. పక్కనే సర్వేకొచ్చిన ఆయన ఫైలుతో నిలబడి ఉన్నాడు. ఫారం బయటికి తీశారు. 'ఆవశ్యకం కాదు' గడిలో టిక్కు, దాని కింద 'స్థానికులకు స్పష్టమైన అభిప్రాయం లేదు. అక్కర్లేదని ఒకరు తెలిపారు' అని రాసి ఉంది. పెద్దాయన అది చదివి, "మీరే చెప్పారటగా అమ్మా?" అన్నాడు.

అమ్మ నోరు తెరిచేలోపు నేను ముందుకెళ్ళాను. పిల్లల ముందు తప్ప ఎక్కడా గట్టిగా మాట్లాడింది లేదు.

"చెప్పింది సార్. కానీ ఆవిడ అన్నది అక్కర్లేదని కాదు. మా వైపు గావాల అంటే కాబోలు అని. మాకు బస్సు అక్కర్లేదు కాబోలని ఎత్తిపొడిచింది. ఈ సార్ నన్ను అడిగారు. నాకు అర్థమైంది. చెప్పలేదు. మా అమ్మ మాట చూసి నవ్వాను. ఆ టిక్కు మా అమ్మది కాదు, నాది."

పెద్దాయన కళ్ళజోడు తీసి, "మీరు తెలుగు టీచరంటున్నారు కదా. ఇకనుంచైనా వాళ్ళకు మంచి తెలుగులో చెప్పడం అలవాటు చెయ్యండి మేడం" అన్నాడు.

"ఆవిడ మంచి తెలుగే మాట్లాడింది సార్. అర్థం కాకపోవడం మీ తప్పు. అర్థమై కూడా చెప్పకపోవడం నా తప్పు. మధ్యలో ఆవిడ తప్పేముంది?"

నా గొంతేనా అనిపించింది. అమ్మ నన్ను ఓరగా చూసి, అప్పుడు గంప నేల మీద దింపింది. "బావూ, సీట్లు లెక్కెట్టినారు. కిందకి సూసినారేటి? గంపల కాడ మేం కూకున్నాం. బస్సులో కిందున్నోళ్ళు మనుసులు కారు గావాల!"

సర్వే ఆయన ఈసారి చటుక్కున తలెత్తాడు. "కాబోలు" అన్నాడు నెమ్మదిగా, తనలో తనే. తర్వాత అమ్మ దగ్గరకొచ్చి, గాజుసామాను పట్టుకున్నంత జాగ్రత్తగా అడిగాడు: "అయితే బస్సు మీకు కా-వా-లి. కదమ్మా? ఆ రెండోది కాదు కదా?"

"కావాల" అంది అమ్మ. "'కా'తో కావాల."

గదంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వాడు, ప్యూనూ నవ్వాడు. నవ్వనిది నేనొక్కదాన్నే. నా నవ్వు ఆ షెల్టరు అరుగు మీద అయిపోయింది.

పెద్దాయన కొత్త ఫారం తీసి రాసి, చదివి వినిపించాడు: "స్థానికులకు ఈ సర్వీసు అత్యంత ఆవశ్యకం."

"నానలా అన్నేదు" అంది అమ్మ.

"మరేమన్నారు?"

"బస్సు నేకపోతే మాకు కుదర్దు."

ఆయన ఒక క్షణం అమ్మను, ఒక క్షణం గంపను చూసి, రాసింది కొట్టేసి ఆ మాటే రాశాడు. 'లేకపోతే' అని రాస్తుంటే చూసి, "ఆవిడ నేకపోతే అంది సార్" అన్నాను. ఎక్కడలేని పట్టుదల వచ్చింది నాకు. అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"'నే'కి 'లే' రాసుకున్నా పర్నేదే. బస్సొత్తే సాలు."

అమ్మ కింద సంతకం పెట్టింది. సాక్షి అన్న చోట నేను పెట్టాను. నా జీవితంలో నేను పెట్టిన సంతకాల్లో సరైన చోట పెట్టింది అదొక్కటే అనిపిస్తుంది.

రెండు వారాలకు బస్సు వచ్చింది. ఆరోజు సోమవారం కావడం నా అదృష్టం. షెల్టరు దగ్గర ఆటో బావ కూడా నిలబడి చూస్తున్నాడు. "అత్తా, మళ్ళీ నోరిప్పినావేటి?" అన్నాడు. "ఇప్పినాను. నీ బండికి గిరాకీ పోనాదని ఏడు" అని అమ్మ బస్సెక్కింది. కండక్టరు మర్యాదగా ఎదురొచ్చాడు. "సీట్లో కూర్చోండమ్మా, రోజూ ఎంతమంది ఎక్కారో రాయమన్నారు. కింద కూర్చుంటే మళ్ళీ ఖాళీ అంటారు."

"నా గంప కాడే కూకుంతాను. రాసుకునీవోడిని వంగి సూసి రాసుకోమను."

వెనక తలుపు పక్కన, గంపకు ఆనుకుని కూర్చుంది. డ్రైవరు వెనక నా సీటు ఖాళీగా ఉంది. అక్కడిదాకా వెళ్ళాను. బ్యాగు కూడా పెట్టాను. మళ్ళీ తీసుకుని వెనక్కి వచ్చి, అమ్మ పక్కన కింద కూర్చున్నాను. ఐసు నీళ్ళు చీరకు తగిలాయి. ఫస్టు పీరియడు ఏడో తరగతి. ఈ వాసనతోనే వెళ్తాను, ఎవరైనా ముక్కు మూసుకుంటే మూసుకోనీ అనుకున్నాను. మొదటి మలుపులో గంప జారింది. ఇద్దరం ఒకేసారి చెయ్యి వేశాం.

అమ్మ నా వైపు తిరిగింది.

"ఇప్పుడు నవ్వు" అంది. "ఆ దినం నవ్వినావు కదా. ఇప్పుడు నవ్వే."

నవ్వాను. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూసేంత గట్టిగా, గంప వదలకుండా నవ్వాను.